బాగున్నదాన్ని మార్చనేల?

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే మా యింట్లో సరుకుల చీటీ వ్రాయడం ఒక పెద్ద తంతు. అమ్మ చెబుతూ ఉంటుంది, ఇంటావిడ సవరిస్తూ ఉంటుంది, మేము వ్రాస్తూ ఉంటాము. ఇరవై ఏళ్ళ క్రిందట ఆ చీటీలో కంపెనీల పేర్లుండేవి కావు, గుర్తులుండేవి. “ఎర్ర సబ్బు నాలుగు, పచ్చ డబ్బా పళ్ళపొడి ఒకటి, నీలం పొట్లం టీపొడి అరకిలో” అని వ్రాసి పిల్లవాడి చేతికిచ్చి పంపితే, వీధి చివర అంగడి శెట్టిగారు ఒక్క ప్రశ్న వేయకుండా కట్టి యిచ్చేవారు.

ఇప్పుడా చీటీ ఎవరికీ పనికిరాదు. ఎర్ర సబ్బు గులాబిరంగు తిరిగింది. పచ్చ డబ్బా పోయి తెల్లసీసా వచ్చింది. నీలం పొట్లం మీద బంగారు పూత పూశారు. లోపలి టీపొడికి మునుపటి చిక్కదనం లేదు. “ఇది మేమెప్పుడూ తీసుకునేది కాదండీ” అంటే, “అదేనండీ, కంపెనీవాళ్ళు మార్చినారు” అంటారు శెట్టిగారు. “ఎందుకు మార్చారు?” అంటే ఆయన చేతులు పైకెత్తి దేవుడి పటం వైపు చూస్తారు. ఆయనకు మాత్రం ఏం తెలుసు?

మార్పు లోకసహజమని పెద్దలన్నారు. అందుకు మాకు అభ్యంతరం లేదు. పాడైనదాన్ని బాగుచేయవలసిందే, లోపమున్నదాన్ని దిద్దవలసిందే. మా ఫిర్యాదల్లా బాగున్నదాన్ని మార్చడం గురించే. నలభై ఏళ్ళుగా నలుగురూ మెచ్చి కొంటున్న వస్తువు ఒకనాటి ఉదయం చెప్పాపెట్టకుండా మరొకటిగా మారిపోతే, కొనేవాడికి కలిగే చిరాకు ఇంతా అంతా కాదు. ఇది చిన్న విషయమని నవ్వేసేవారున్నారు. మేమూ ఒకప్పుడు నవ్వినవాళ్ళమే. క్రిందటేడు మా యింట్లో ఒక సంగతి జరిగిన తరువాత ఆ నవ్వు పోయింది. దాన్ని కొంచెం ఆగి చెబుతాము. ముందుగా పెద్ద కంపెనీల కథలు ఒకటి రెండు చెప్పవలసి ఉన్నది.

ఈ తప్పు చేసి చేతులు కాల్చుకున్నవారిలో అందరికంటె పెద్దవారు అమెరికాలోని కోకాకోలా కంపెనీవారు. 1886లో అట్లాంటా నగరంలో పుట్టిన ఆ పానీయం, నూరేళ్ళు నిండడానికి ఒక్క ఏడాది ముందు మారిపోయింది. ప్రత్యర్థి పెప్సీ కొంచెం తియ్యగా ఉంటుంది. జనం అటు మొగ్గుతున్నారన్న భయం వారికి పట్టుకున్నది. ఇంచుమించు 2 లక్షల మందికి చిన్న చిన్న గ్లాసులలో పోసి రుచి చూపించారు. కొత్త రుచి బాగున్నదని ఎక్కువమంది చెప్పారు. ఇంకేం, 1985 ఏప్రిల్ 23న పాతదాన్ని తీసివేసి కొత్తదాన్ని బజారులో పెట్టారు.

అంతటితో దేశమంతా గగ్గోలు పుట్టింది. రోజుకు 400 ఫోనులు వచ్చే కంపెనీ ఆఫీసుకు జూన్ నాటికి 1,500 వచ్చాయి. ఉత్తరాలకు లెక్కలేదు. పాత సీసాలు దొరికినచోటల్లా పెట్టెలకు పెట్టెలు కొని ఇంట్లో దాచుకున్నవారున్నారు. చివరకు జూలై 11న కంపెనీవారు తలవంచి, పాతదాన్నే ‘కోకాకోలా క్లాసిక్’ అన్న పేరుతో మళ్ళీ తెస్తామని ప్రకటించారు. మొత్తం 79 రోజుల ముచ్చట!

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. రెండు గుటకలకు తీపి బాగానే ఉంటుంది. సీసా నిండా తాగితే వెగటు పుడుతుంది. పెళ్ళివిందులో లడ్డు ఒకటి తిన్నవాడు ఆహా అంటాడు. రోజూ అన్నానికి బదులు లడ్డే పెడితే చేయి కడుక్కుంటాడు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. వారి పరీక్ష నాలుకను కొలిచింది గాని, చిన్నప్పటినుంచి ఆ సీసాతో జనానికున్న అనుబంధాన్ని కొలవలేకపోయింది. దాన్ని కొలిచే త్రాసు ఏ కంపెనీ దగ్గరా లేదు.

ఇది ఎక్కడో అమెరికా మాట అనుకోనక్కరలేదు. మన పిల్లలు ఇష్టపడే మాగీ సంగతి చూడండి. 1997లో మన దేశంలో ఆ కంపెనీవారు దాని తయారీ పద్ధతిని మార్చారు. నూనెలో వేయించే బదులు గాలితో ఆరబెట్టడం మొదలుపెట్టారు. పిల్లలు మూతి ముడిచారు, అమ్మకాలు పడిపోయాయి. 1999లో పాత పద్ధతికే తిరిగి వచ్చారు. థమ్స్ అప్ పానీయానిదీ ఇంచుమించు అదే దారి. 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్ళినప్పుడు పుట్టిన ఆ పానీయాన్ని, 1993లో తిరిగి వచ్చిన కోకాకోలావారే కొన్నారు. కొని, కొన్నాళ్ళు దాన్ని మూలన పెట్టి తమ సరుకునే ముందుకు తోశారు. తాగేవాళ్ళు దాన్ని వదలలేదు. చివరకు కంపెనీవారే దారికి వచ్చి దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చారు.

అయితే తెలివైనవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు ఈ పని ఎందుకు చేస్తారు? ఆఫీసు పనిలో పాతికేళ్ళకు దగ్గర పడుతున్న మాకు తోచిన కారణం చెబుతాము. ఏ ఆఫీసులోనైనా కొత్త అధికారి వచ్చాడంటే ముందుగా చేసే పని ఫైళ్ళ అట్టల రంగు మార్చడం. పాత పద్ధతి బాగున్నదని ఊరకుంటే ఆయన ఏం చేసినట్టు? తాను వచ్చిన గుర్తు ఏదో ఒకటి ఉండాలి గదా! కంపెనీలలోనూ అంతే అయివుంటుంది. మార్చినవాడికి మెప్పు వస్తుంది, మార్చకుండా కాపాడినవాడికి పేరు రాదు.

ఇది మొదటి కారణం. రెండవది డబ్బు. ముడిసరుకు ధర పెరిగినప్పుడు వెల పెంచితే జనం గుర్తుపడతారు. తూకం తగ్గిస్తే గుర్తుపట్టరు. అందుచేత పది రూపాయల పొట్లం పది రూపాయలకే ఉంటుంది. లోపలి బిస్కట్లు రెండు తగ్గుతాయి. మూడవదీ డబ్బే గాని, అది సరుకును లోపలినుంచి మార్చడం. సబ్బు సంగతే తీసుకోండి. మన ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి ‘టాయిలెట్ సోప్’లో కొవ్వు పదార్థం నూటికి కనీసం 76 పాళ్ళుండాలి. ‘బేదింగ్ బార్’ అని వ్రాసి ఉంటే 40 పాళ్ళున్నా చాలును. రెండూ ఒకే బల్లమీద, ఒకే రకం కాగితంలో, ఒకే మల్లెల వాసనతో కూర్చుని ఉంటాయి. ఐస్‌క్రీముదీ అదే కథ. ఆ పేరు పెట్టుకోవాలంటే నూటికి 10 పాళ్ళు పాలకొవ్వు ఉండాలి. పాలకొవ్వు బదులు వనస్పతి నూనె వాడితే ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని వ్రాయాలి. వ్రాస్తారు కూడాను; కాని ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి.

ఇప్పుడు మా యింటి సంగతి చెబుతాము.

మా అమ్మకు డెబ్బైఎనిమిదేళ్ళు. మా పూర్వీకులు ఏనాడు ఈ కన్నడదేశానికి వచ్చారో మాకే సరిగా తెలియదు. అమ్మ పుట్టింది కోలారు వైపు. బడికి పంపలేదు గాని, తాతగారు ఇంట్లో కూర్చోబెట్టి పెద్దబాలశిక్ష చెప్పించారు. అందుచేత కన్నడం ధారాళంగా మాట్లాడుతుంది. చదవగలిగింది మాత్రం తెలుగొక్కటే. మన సంఘంలో ఇలాంటి అమ్మమ్మలు, అవ్వలు ఎందరో ఉన్నారు. మద్రాసులో అరవం, బరంపురంలో ఒడియా, షోలాపురంలో మరాఠీ మాట్లాడుతూ, చదవవలసివస్తే మాత్రం తెలుగక్షరం కోసం వెతుక్కునేవారే వారంతా. బజారు సరుకు మీద ఇంగ్లీషు ఉంటుంది, హిందీ ఉంటుంది. తెలుగు ఎక్కడుంటుంది? కాబట్టి వారికి రంగే అక్షరం, ఆకారమే పేరు, వాసనే చిరునామా. ఏ డబ్బాలో ఏమున్నదో అమ్మ కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ చదువు ఆమె స్వంతంగా నేర్చుకున్నది.

అమ్మకు రక్తపుపోటు ఉన్నది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటుంది. చిన్న తెల్లని గుండ్రటి మాత్ర, పచ్చరంగు అట్ట. “నా పచ్చ అట్ట అయిపోవస్తోంది, గుర్తుంచుకోప్పా” అని నాలుగు రోజులు ముందుగానే హెచ్చరించేది. క్రిందటేడు శ్రావణమాసంలో మందుల అంగడినుంచి మేము తెచ్చిన అట్ట వెండిరంగులో ఉన్నది. లోపలి మాత్ర గులాబిరంగులో, కోలగా ఉన్నది. అంగడి అబ్బాయి, “అదే మందు సార్, ప్యాకింగ్ మారింది” అన్నాడు. మేము చదివి చూశాము, అదే. తీసుకువెళ్ళి అమ్మ గూట్లో పెట్టి ఆఫీసుకు పోయాము. అమ్మతో ఒక మాట చెప్పాలన్న తెలివి మాకు లేకపోయింది. మా తప్పు మేము దాచుకోము.

తొమ్మిది రోజుల తరువాత ఒక శుక్రవారం ఉదయం అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో డాక్టరుగారు పోటు చూసి ఉలిక్కిపడ్డారు. “మందు వేసుకుంటున్నారా?” అని అడిగారు. “వేసుకుంటున్నారండీ, నేనే తెచ్చి పెట్టాను” అని మేము ధైర్యంగా చెప్పాము. ఇంటికి వచ్చి ఇంటావిడ గూట్లో చేయి పెడితే కుంకుమభరిణె వెనుక, కాగితంలో భద్రంగా చుట్టిన తొమ్మిది గులాబి మాత్రలు కనిపించాయి.

“ఇదేమిటమ్మా?” అంటే అమ్మ చిన్నపిల్లలా చూసింది. “అవి నావి కాదప్పా. ఎవరివో నా గూట్లోకి వచ్చినాయి. నావి తెల్లగా ఉంటాయి గదా! నువ్వు ఆఫీసు పనితో అలసిపోయి వస్తావు, మళ్ళీ అంగడికి పంపడమెందుకులే, నెల మొదట్లో తెప్పించుకుందామని ఊరుకున్నా. పారేస్తే డబ్బులు దండగని దాచిపెట్టినా” అన్నది. మాకు నోట మాట రాలేదు. ఆమె చేసింది తప్పని ఎలా అనగలం? తెలియని మాత్ర వేసుకోవద్దని పదకొండేళ్ళనుంచి ఆమెకు చెబుతూ వచ్చినవాళ్ళం మేమే గదా!

ఇది మా యింటికే పట్టిన గతి కాదని తరువాత తెలిసింది. అమెరికాలో గుండెపోటు వచ్చి తగ్గినవారిని గురించి చేసిన ఒక పరిశోధన 2014లో వైద్యపత్రికలో వెలువడింది. వారు వేసుకునే మాత్రల రంగు మారినప్పుడు మందు మానివేసే అవకాశం 34 శాతం, ఆకారం మారినప్పుడు 66 శాతం పెరిగిందని అందులో తేల్చారు. చదువుకున్నవాళ్ళ దేశంలోనే అలా ఉన్నప్పుడు మా అమ్మను అనవలసిన పని ఏమున్నది?

మేము ఆ మందుల కంపెనీకి ఉత్తరం వ్రాశాము. మందు అదే, మోతాదు అదే, వెల అదే అయినప్పుడు రంగు మార్చవలసిన అవసరమేమి వచ్చిందని అడిగాము. అయిదు వారాలకు జవాబు వచ్చింది. మా ‘విలువైన అభిప్రాయానికి’ కృతజ్ఞతలట. ‘నూతనమైన, ఆకర్షణీయమైన రూపం’ వాడేవారి కోసమేనట. ఆఫీసులో అటువంటి జవాబులు మేమూ ఎన్నో టైపు చేశాము గనుక, వాటి లోపల ఏమీ ఉండదని మాకు తెలుసును. రక్తపుపోటు మాత్రకు ఆకర్షణ ఎందుకండీ? పెళ్ళిచూపులకు వెళుతున్నదా?

అందరూ ఇలాంటివారే అనడం న్యాయం కాదు. మార్చకుండా నిలుపుకున్నవారూ మన కళ్ళముందే ఉన్నారు. మా బెంగుళూరు వాళ్ళకు మైసూరు శాండల్ సబ్బు ఇంటి బిడ్డ వంటిది. మొదటి ప్రపంచయుద్ధంలో గంధపుచెక్క విదేశాలకు పోవడం ఆగిపోయినప్పుడు, నాల్వడి కృష్ణరాజ వొడెయరుగారి ప్రభుత్వం 1916లో ఇక్కడే గంధపునూనె తీసే కర్మాగారం పెట్టింది. ఆ తరువాత సబ్బు పుట్టింది. దాన్ని తయారుచేసిన రసాయనశాస్త్రజ్ఞులు ఎస్. జి. శాస్త్రిగారు. ఆ కోలబిళ్ళ ఆకారం, నగలపెట్టెలాంటి అట్టపెట్టె, సింహం ఒడలు ఏనుగు తలతో ఉన్న శరభం గుర్తు నేటికీ నిలిచి ఉన్నాయి. సబ్బు అరిగిపోయినా ఖాళీ పెట్టెను అమ్మ చీరల మధ్య పెడుతుంది. కొత్త కొత్త రకాలు ఆ కర్మాగారంవారూ తెచ్చారు, తేనివ్వండి. వాటికోసం పాతదాన్ని చంపలేదు. మేము కోరేది అంతే.

మన తెలుగువారి అమృతాంజనం ఇంకొక సాక్ష్యం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని ప్రారంభించారు. పరాయి ఊరిలో తెలుగువాడు మొదలుపెట్టి, దేశమంతటికీ అందించిన మందు అది. సంగీత కచేరీలలో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారని చెప్పుకుంటారు. ఆ లాభంతోనే 1908లో ఆంధ్రపత్రికను పెట్టారు. ఈనాడు ఆ కంపెనీవారు ఎన్నో రూపాలలో మందులు అమ్ముతున్నారు. కాని ఆ పసుపురంగు, ఆ ఘాటు ఉన్న పాత మందూ దొరుకుతూనే ఉన్నది. మూత తీయగానే మా తాతగారి గది గుర్తుకు వస్తుంది. ఆ వాసన మారిస్తే కంపెనీకి పోయేది ఒక సరుకు. మాకు పోయేది తాతగారి గది.

అవసరమైన మార్పులున్నాయని మేము మొదటే ఒప్పుకున్నాము. పెట్రోలులో సీసం గాలిని పాడుచేస్తుందని 2000 సంవత్సరంనాటికి దేశమంతటా తీసివేశారు. వనస్పతిలో గుండెకు చెరుపు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ కొవ్వును 2022 నుంచి నూటికి 2 పాళ్ళకు మించరాదని కట్టడి చేశారు. రుచి కొంచెం తగ్గినా మంచిదే. ఎర్ర ఇటుకలాంటి లైఫ్‌బాయ్ సబ్బును 2002లో మార్చినప్పుడు, అమ్మకాలు పడిపోతున్నందున మార్చారు. ఆ ఘాటువాసన పోయిందని మేము బాధపడ్డాము గాని, కారణం లేదని అనలేము. కారణమున్న మార్పును జనం సహిస్తారు. చెప్పి చేసిన మార్పును ఇంకా బాగా సహిస్తారు. సహించలేనిది కారణం లేనిదీ, చెప్పకుండా చేసినదీ.

మరి మనమేం చేయగలము? నిట్టూర్చి ఊరుకోవడం కంటె కొంచెం ఎక్కువే చేయవచ్చును.

మొదటిది, కొనేటప్పుడు రంగుకాగితం కాక నికర తూకం చదవడం అలవాటు చేసుకోవాలి. పొట్లం మీద తూకం, వెల, తయారైన నెల, ఫిర్యాదుకు చిరునామా, ఫోను నెంబరు అచ్చు వేయాలని చట్టమున్నది. రెండవది, మార్పు నచ్చకపోతే ఆ చిరునామాకు వ్రాయాలి. ఒక ఉత్తరానికి జవాబు రాకపోవచ్చును. అమెరికావారి ఫోనులు ఒక మహాకంపెనీని 79 రోజుల్లో వంచిన సంగతి మరువకూడదు. తూకంలోనో నాణ్యంలోనో మోసమే జరిగిందనుకుంటే 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. అది వినియోగదారుల కోసం కేంద్రప్రభుత్వం పెట్టిన సహాయకేంద్రం.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, మందు తెచ్చిన ప్రతిసారీ పాత అట్ట పక్కన కొత్త అట్ట పెట్టి చూడండి. 2018 నుంచి మందు అసలు పేరును కంపెనీ పేరు కంటె పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలన్న నియమమున్నది. రెండింటి మీద ఆ పేరు, మోతాదు ఒకటేనా అని సరిచూడండి. అనుమానముంటే డాక్టరునో, మందుల అంగడివారినో అడగండి. తరువాత పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, “అమ్మా, చొక్కా మారింది, మనిషి అదే” అని నోటితో చెప్పండి.

మా అమ్మ చేయి కట్టు విప్పి ఇప్పటికి చాలా నెలలైంది. ముగ్గులు మళ్ళీ వేస్తున్నది. గీత కొంచెం వణుకుతుంది, అంతే. ఆమె మందుల డబ్బాకు మేము ఒక తెల్లకాగితం అంటించి, “అమ్మ పోటు మాత్ర - పొద్దున ఒకటి” అని గుండ్రటి తెలుగక్షరాలతో వ్రాసి పెట్టాము. కంపెనీవారు అట్టకు ఏ రంగు పూసుకున్నా సరే, మాత్రలు మేమే సరిచూసి అందులో పెడుతున్నాము. మొదటిరోజున అమ్మ ఆ కాగితాన్ని చేత్తో తడిమి, కూడబలుక్కుని చదివి, “ఇన్నాళ్ళకు నా మందు మీద నేను చదవగల అక్షరం వచ్చిందిరా” అన్నది.

ఆ మాట ఏ కంపెనీవారి చెవిన పడుతుందో తెలియదు. మన చెవినైనా పడితే చాలును.